ఎముకకి టైమివ్వండి, మనిషిని మాత్రం లేపండి

కాలు విరిగిన వాళ్లింట్లో జరిగే గొడవల్లో సగం రెండు విషయాల మీదే. ఒకటి, ఎముక ఇంకా ఎందుకు అతకలేదని. రెండోది, మనిషిని మంచం దిగనివ్వాలా వద్దా అని. మొదటిదాంట్లో అందరికీ తొందర, రెండోదాంట్లో అందరికీ భయం. నన్నడిగితే అది తిరగబడాలి. ఎముక దగ్గర ఓపిక పట్టాలి, మనిషిని లేపే దగ్గర తొందరపడాలి. ఇది నా సొంత సిద్ధాంతమేమీ కాదు, గత యాభై అరవై ఏళ్లలో కాలి ఎముకల మీద జరిగిన పరిశోధన చాలావరకు ఇటే చూపిస్తోంది. కానీ ఆ కబురు మన వార్డుల్లోంచి ఇళ్ల దాకా రావట్లేదు.

నేను ఫిజియోథెరపిస్టుని, గుంటూరు వైపు. కత్తి పట్టే పని నాది కాదు, కత్తి పని అయిపోయాక వచ్చే నెలలు నావి. ఆపరేషన్ రెండు గంటల్లో అయిపోతుంది, ఆ తర్వాత ఆరునెలలో ఏడాదో నడిచేది మాత్రం పేషెంటూ, వాళ్లింట్లో వాళ్లూ, మధ్యలో నాలాంటి వాళ్లూ. అందుకే ఈ పేపర్లు చదివే అలవాటైంది, ఎందుకంటే రోజూ ఎవరో ఒకరు "ఎక్స్‌రేలో గీత ఇంకా కనపడుతోందంట మేడమ్" అని ఫోన్ పట్టుకుని వస్తారు.

ఎక్కువగా మాట్లాడేది మోకాలి కింద ముందువైపు ఉండే పెద్ద ఎముక గురించి, డాక్టర్లు టిబియా అంటారు. బండి మీంచి పడితే మొదట దెబ్బతినే వాటిలో ఇదొకటి. ఒకసారి మీ వేలితో మోకాలి కింద నుంచి చీలమండ దాకా ముందువైపు తడుముకుంటూ రండి, మొత్తం దారంతా చర్మం కిందే ఎముక తగులుతుంది, మధ్యలో కండ లేదు. తొడ ఎముకకి చుట్టూ దిట్టంగా కండ ఉంటుంది కాబట్టి దానికి రక్తం బాగా అందుతుంది. దీనికి ఆ భాగ్యం లేదు, ముఖ్యంగా చీలమండకి దగ్గరగా ఉన్న కింది మూడో వంతులో. అందుకే ఇది విరిగితే చర్మం చీల్చుకుని బయటికి రావడమూ ఎక్కువే, అతకడమూ ఆలస్యమే. మూడు నెలలకి అతకాల్సిందేనని ఎవరు రూలు పెట్టారో తెలీదు గానీ ఈ ఎముకకి ఆ రూలు తెలీదు.

ఇప్పుడు చాలామందికి దీనికి రాడ్ వేస్తున్నారు. మోకాలి దగ్గర చిన్న కోత పెట్టి, ఎముక లోపల ఉండే మూలుగ గొట్టంలోంచి పొడవాటి రాడ్ దింపి, పైనా కిందా స్క్రూలతో బిగిస్తారు. ఈ ఆలోచనని నిలబెట్టింది జర్మనీలో కీల్ అనే ఊళ్లో పనిచేసిన గెర్హార్డ్ కున్‌చర్, 1939లో. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీకి పట్టుబడి తిరిగొచ్చిన సైనికుల తొడల్లో ఎక్స్‌రే తీస్తే పొడవాటి ఇనుప కడ్డీ కనిపించి అమెరికా డాక్టర్లు నోరెళ్లబెట్టారట. అప్పటిదాకా తొడ విరిగితే బరువులు కట్టి నెలల తరబడి మంచాన పడుకోబెట్టడమే వైద్యం. రాడ్ గొప్పదనం అతికించడంలో కాదు, అతికేది ఎముకే. రాడ్ చేసేదల్లా ఆ లోపు మనిషిని నిలబడనివ్వడం. దీన్ని చాలామంది ఆపరేషన్ అయిన వాళ్లకి చెప్పనే చెప్పరు, అందుకే రాడ్ వేశాక కూడా కాలుని దిండు మీద పెట్టుకుని కూర్చునే వాళ్లు కనపడుతుంటారు. అంత డబ్బు పోసి వేయించుకున్నదే దిగి నడవడానికి కదా.

రాడ్ వేసేముందు లోపలి గొట్టాన్ని తొలిచి వెడల్పు చేసి లావుపాటి రాడ్ వెయ్యాలా, లేక తొలవకుండా సన్నటిది వెయ్యాలా అని సర్జన్ల మధ్య చాలాకాలం వాదన నడిచింది. తొలిస్తే రాడ్ గట్టిగా పడుతుంది గానీ లోపలి రక్తనాళాలు దెబ్బతింటాయి. దీన్ని తేల్చడానికి కెనడా, అమెరికా, నెదర్లాండ్స్ ఆసుపత్రులు కలిసి స్ప్రింట్ అనే ట్రయల్ చేశాయి, 2008లో ఫలితం వచ్చింది. ఏడాది చివరిదాకా ఫాలో అయినవాళ్లు 1226 మంది. చర్మం చీలని ఫ్రాక్చర్లలో తొలిచి వేసిన వాళ్లకి మళ్లీ ఏదో ఒక చికిత్స అవసరం పడింది 11 శాతం మందికి, తొలవకుండా వేసిన వాళ్లలో 17 శాతం మందికి. చర్మం చీలిన వాటిలో తేడా ఏమీ తేలలేదు. సరే, ఆ గొడవ సర్జన్లది.

నాకు నచ్చింది ఆ ట్రయల్‌లో పెట్టిన ఒక షరతు. ఎముక అతకట్లేదనే కారణంతో మొదటి ఆరు నెలల్లో ఎవరూ మళ్లీ ఆపరేషన్ చెయ్యకూడదన్నారు. ఇన్ఫెక్షన్ వస్తే చేసుకోవచ్చు, పెద్ద ముక్క ఎగిరిపోయి ఖాళీ ఏర్పడితే చేసుకోవచ్చు, కానీ ఎక్స్‌రేలో గీత కనపడుతోందని మాత్రం చెయ్యొద్దు. అంటే సర్జన్ల చేతులు కట్టేశారు. చివరికి అతకలేదని రాడ్ మార్చాల్సి వచ్చినవాళ్లు, తుంటి నుంచి ఎముక తీసి పెట్టాల్సి వచ్చినవాళ్లు కలిపి 57 మంది, అంటే 4.6 శాతం. ఆరు నెలలు ఆగడం వల్లే రెండో ఆపరేషన్లు బాగా తగ్గి ఉంటాయని ఆ పరిశోధకులే రాశారు. ట్రయల్ రెండు రకాల రాడ్ల గురించి, దాని అడుగున దొరికింది మాత్రం ఓపిక గురించి.

మా దగ్గర జరిగేది వేరు. మూడో నెల చివర్లో ఎక్స్‌రే తీస్తారు, గీత ఉంటుంది, ఎవరో ఒకరు "యూనియన్ రాలేదు, బోన్ గ్రాఫ్టింగ్ చేద్దాం" (అంటే అతకలేదు, వేరే చోటి ఎముక తీసి పెడదాం) అంటారు, ఇంట్లో వాళ్లు బంగారం తాకట్టు పెట్టడానికి బయల్దేరతారు. మా దూరపు బంధువు ఒకాయనకి ఇలాగే మూడున్నర నెలలకి రెండో ఆపరేషన్ తేదీ ఇచ్చేశారు. నేను చూసేసరికి ఆయన వాకర్ లేకుండా కర్ర మీద నడుస్తున్నాడు, నడిస్తే విరిగిన చోట నొప్పి నెలనెలకీ తగ్గుతోంది, ఎక్స్‌రేలో మూడు వైపులా కొత్త ఎముక మబ్బులా కమ్ముకుంటోంది. అతకని ఎముక ఇలా ప్రవర్తించదు. ఇంకో సర్జన్‌ని కూడా అడగండి అని మాత్రమే అన్నాను, ఆ రెండో ఆయన ఆగుదామన్నాడు, ఆగారు. ఆపరేషన్ లేకుండానే అతికింది. దీన్ని చూసి అందరూ ఆగాలని నేను అనను, ఒక్క మనిషి కథతో ఏదీ రుజువవదు, అందుకే ముందు 1226 మంది సంగతి చెప్పాను.

ఆగకూడని సందర్భాలు ఉన్నాయి, వాటిని దాచి ఇదంతా రాస్తే తప్పు. కుట్ల దగ్గర నుంచి చీము కారుతుంటే, తగ్గిన నొప్పి మళ్లీ పెరుగుతుంటే, జ్వరం వస్తుంటే, రాడ్ గానీ స్క్రూ గానీ వంగినా విరిగినా, నెలనెలా తీసిన ఎక్స్‌రేలు పక్కపక్కన పెడితే ఒక్క పిసరు కూడా మార్పు లేకపోయినా, అది ఓపిక పట్టే వేళ కాదు. అందుకే పాత ఎక్స్‌రేలు పారెయ్యకండి. ఒక్క ఎక్స్‌రే చూసి అతికిందో లేదో చెప్పడం కన్నా మూడు నెలలవి వరసగా చూడటం ఎంతో నయం.

తొందర ఎక్కడుంటుందో అమ్మకం అక్కడుంటుంది. ఎముక త్వరగా అతకడానికని అల్ట్రాసౌండ్ పరికరాలు వచ్చాయి, రోజుకి ఇరవై నిమిషాలు విరిగినచోట పెట్టుకోవాలి. అమెరికాలో 1994 నుంచే అనుమతి ఉంది, బాగా అమ్ముడుపోయాయి కూడా. రాడ్ వేసిన టిబియా ఫ్రాక్చర్ల మీద దీన్ని గట్టిగా పరీక్షించింది ట్రస్ట్ అనే ట్రయల్, 501 మంది, సగం మందికి అసలు పరికరం, సగం మందికి అచ్చం అలాగే ఉండి ఏమీ చెయ్యని ఉత్తి డబ్బా. ఎవరి దగ్గర ఏదుందో వాళ్లకీ తెలీదు, డాక్టర్లకీ తెలీదు. 2016లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయిన ఫలితం ప్రకారం ఎముక అతికే వేగంలోనూ తేడా లేదు, మనిషి పనులు చేసుకునే తీరులోనూ తేడా లేదు. మరుసటి ఏడాది అదే పత్రిక నిపుణుల బృందం దీన్ని వాడొద్దని గట్టిగానే చెప్పింది.

ఇక మన ఇంటి వైద్యాలు. మేక కాళ్ల సూపు తాగితే ఎముక త్వరగా అతుకుతుందని ప్రతి ఇంట్లోనూ నమ్ముతారు, తాగితే నష్టం లేదు, నాకూ ఇష్టమే. నష్టమంతా వద్దనే జాబితాలో ఉంది. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడి చేస్తుందని, వంకాయ దురదని, ఇలా ఒక్కోటీ తీసేసి చివరికి పచ్చడి మెతుకుల మీద పడుకోబెడతారు, పుండు మానాలన్నా ఎముక అతకాలన్నా మాంసకృత్తులు కావాల్సిన సరిగ్గా ఆ రోజుల్లో. పప్పు మానేసిన ఆయనే సాయంత్రం వసారాలో కూర్చుని బీడీ కాలుస్తుంటాడు, అది మాత్రం ఎవరూ ఆపరు. చర్మం చీలి విరిగిన టిబియాల మీద అమెరికాలో చేసిన ఒక అధ్యయనంలో పొగతాగే వాళ్లకి ఎముక అతికే అవకాశం తాగని వాళ్లకన్నా 37 శాతం తక్కువని తేలింది, ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం రెట్టింపు. పప్పు మీద పెట్టే నిఘా బీడీ మీద పెట్టండమ్మా అని నేను వాళ్లావిడలకి చెబుతూనే ఉంటాను.

ఇప్పుడు రెండో గొడవ, పడుకోబెట్టడం.

దీని మూలం చాలా పాతది, పైగా పెద్దవాళ్ల దగ్గరే ఉంది. హ్యూ ఓవెన్ థామస్ అని పందొమ్మిదో శతాబ్దంలో లివర్‌పూల్‌లో ఉండేవాడు, ఇప్పటికీ అంబులెన్సుల్లో తొడ విరిగిన వాళ్లకి పెట్టే థామస్ స్ప్లింట్ ఆయనదే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన మేనల్లుడు రాబర్ట్ జోన్స్ దాన్ని యుద్ధభూమికి తీసుకెళ్లి ఎంతోమంది ప్రాణాలు నిలబెట్టాడు. విశ్రాంతి బలవంతంగా ఇవ్వాలి, మధ్యలో ఆపకూడదు, చాలాకాలం సాగాలి అన్నది థామస్ సూత్రం. ఈ థామస్ ఎవరంటే, వేల్స్‌లో తరతరాలుగా ఎముకలు కట్టే కుటుంబంలో పుట్టినవాడు. వాళ్ల నాన్న డాక్టరీ చదవని కట్టు వైద్యుడే, కొడుకు చదువుకుని డాక్టరయ్యాడు. అంటే ఇవాళ్టి ఆర్థోపెడిక్స్ వంశవృక్షంలో కూడా ఒక పుత్తూరు ఉందన్నమాట.

పుత్తూరు అనగానే మనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. తిరుపతి దగ్గర, ఆకు పసరూ, కోడిగుడ్డు తెల్లసొనా, వెదురు బద్దలూ, గుడ్డా పెట్టి కట్టే కట్టు, తమిళనాడు నుంచీ కర్ణాటక నుంచీ కూడా జనం వస్తారు. నేను దాన్ని వెక్కిరించను. చర్మం చీలకుండా, ఎముక పెద్దగా పక్కకి జరగకుండా విరిగితే బద్దలు పెట్టి కట్టినా అతుకుతుంది, ఎందుకంటే అతికే గుణం ఎముకది. పైగా ఆ కట్టు సిమెంట్ కట్టంత బిగదీసుకుని ఉండదు, కొంచెం కదలిక ఉంటుంది, అది మంచిదేనని కిందకి వచ్చేసరికి మీకే తెలుస్తుంది. నా భయమంతా రెండు చోట్ల. ఒకటి, చర్మం చీలిన గాయాన్ని పసరు కింద మూసెయ్యడం. రెండు, మోకాలి కింద విరిగిన మొదటి ఒకటి రెండు రోజుల్లో ఎవరు కట్టినా సరే, పుత్తూరులో కట్టినా కార్పొరేట్ ఆసుపత్రిలో కట్టినా, బిగుతుగా కట్టడం. పిక్కలో కండరాలు నాలుగు అరల్లో ఉంటాయి, ఆ అరల గోడలు సాగవు. లోపల వాపు పెరిగితే రక్తం అందక కొన్ని గంటల్లోనే కండ చచ్చిపోతుంది. దీన్ని కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. గుర్తుపట్టే తీరు ఇది: మందులకి లొంగని నొప్పి, కాలి వేళ్లని ఎవరైనా పైకీ కిందకీ వంచితే ప్రాణం పోయేంత నొప్పి. అప్పుడు తెల్లారనివ్వకండి, అప్పటికప్పుడే కట్టు విప్పించి డాక్టరుకి చూపించండి.

థామస్ గారి విశ్రాంతి సూత్రానికి గట్టి దెబ్బలు కొన్ని టిబియా మీదే పడ్డాయి. 1961 ప్రాంతంలో అమెరికా సైన్యంలో ఎర్న్‌స్ట్ డేనె అనే డాక్టరు, టిబియా విరిగిన సైనికులకి సిమెంట్ కట్టు వేసి దాని మీదే నడిపించడం మొదలుపెట్టాడు. కొలంబియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన అగస్తో సార్మియెంటో 1967లో, మోకాలు వంగేలా, బరువు పిక్క చుట్టూ పంచుకునేలా కట్టు తయారుచేశాడు. తర్వాత దాన్ని ప్లాస్టిక్ బ్రేస్‌గా మార్చాడు. 1995లో చర్మం చీలని వెయ్యి టిబియా ఫ్రాక్చర్ల లెక్క రాశాడు: అతకనివి 1.1 శాతం. చాలావాటిలో కాలు కాస్త పొట్టయింది, కానీ 95 శాతం మందికి అది 12 మిల్లీమీటర్ల లోపే. ఇవన్నీ రాడ్డు పెట్టకుండా, నడిపిస్తూ. అందరికీ సరిపడే పద్ధతి కాదది, ఆయన కూడా ఎంచుకున్న కేసులకే వాడాడు. కానీ కదిలిస్తే అతకదు అనే మాటకి అంతకన్నా పెద్ద జవాబు ఏముంటుంది.

కదలిక ఎందుకు పనిచేస్తుందో చూపించింది గొర్రెలు. 1985లో ఇంగ్లండులో గుడ్‌షిప్, కెన్‌రైట్ అనే ఇద్దరు గొర్రెల టిబియా విరిచి, బయటి నుంచి ఫ్రేమ్ బిగించి, కొన్నిటికి రోజూ పదిహేడు నిమిషాల పాటు విరిగినచోట ఒక మిల్లీమీటరు లోపు చిన్న కదలిక ఇచ్చారు. కదలిక ఇచ్చిన గొర్రెలకి అసలు కదపకుండా బిగించిన వాటికన్నా బాగా అతికింది. ఎముక ముక్కల మధ్య ఆ చిన్నపాటి నొక్కుడే కొత్త ఎముకని పిలుస్తుంది. గొర్రె కాళ్లు మనకి సూపుగా కన్నా ఇలాగే ఎక్కువ పనికొచ్చాయని నాకనిపిస్తుంది.

ఇది టిబియాతో ఆగలేదు. చీలమండ విరిగి ప్లేటు వేసిన వాళ్లని ఆరు వారాల దాకా కాలు కింద పెట్టనివ్వకపోవడం చాలాచోట్ల ఆనవాయితీ. బ్రిటన్‌లో వ్యాక్స్ అనే ట్రయల్‌లో రెండు వారాలకే బరువు పెట్టించిన వాళ్లని, ఆరు వారాలు ఆగిన వాళ్లతో పోల్చి చూస్తే ముందుగా నడిచినవాళ్లు ఏ రకంగానూ వెనకబడలేదు, ఖర్చు కూడా తగ్గింది. 2024లో లాన్సెట్‌లో వచ్చింది. అందరికీ వర్తించదు సుమా, మోకాలి కీలు లోపలికి గానీ చీలమండ కీలు లోపలికి గానీ ముక్కలుగా పగిలితే, ఎముక మరీ పెళుసుగా ఉంటే, సుగర్ వల్ల పాదంలో స్పర్శ లేకపోతే సర్జన్ ఆగమంటాడు, ఆగాల్సిందే. కానీ "ఎప్పటినుంచి ఎంత బరువు పెట్టొచ్చు" అని మీరు నోరు తెరిచి అడగాలి. డిశ్చార్జ్ కాగితం మీద రాయించుకోవాలి. అక్కడ "బెడ్ రెస్ట్" అని ఒక్క ముక్క రాసి పంపితే, అది ఎన్నాళ్లు, ఎందుకు అని అడిగే హక్కు మీకుంది.

పెద్దవాళ్ల తుంటి ఎముక దగ్గరైతే పడుకోబెట్టడం ఇంకా ప్రమాదం. బాత్రూంలో జారిపడిన నాయనమ్మని "ఈ వయసులో ఆపరేషన్ ఎందుకులే" అని మంచాన వేస్తే, న్యుమోనియా, పుండ్లు, కాళ్లలో రక్తం గడ్డలు, ఆ తర్వాత సంగతి మీకు తెలిసిందే. 17 దేశాల్లో 69 ఆసుపత్రులు, మన దేశంతో కలిపి, 2970 మంది మీద చేసిన హిప్ అటాక్ ట్రయల్ 2020లో వచ్చింది. తుంటి విరిగిందని తెలిసిన దాదాపు ఆరు గంటల్లో ఆపరేషన్ చేసిన వాళ్లనీ, దాదాపు ఇరవై నాలుగు గంటల్లో చేసిన వాళ్లనీ పోల్చారు. మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, 9 శాతం, 10 శాతం. కానీ త్వరగా చేసిన వాళ్లు త్వరగా లేచి నిలబడ్డారు, మతి తప్పి మాట్లాడటం తగ్గింది, త్వరగా ఇంటికెళ్లారు. గమనించండి, అక్కడ ఆలస్యం అంటే ఒక్క రోజు. మన దగ్గర బీపీ తగ్గాలి, ఫిట్‌నెస్ రావాలి, అమెరికా నుంచి అబ్బాయి రావాలి అంటూ వారం గడుస్తుంది.

చర్మం చీలిన ఫ్రాక్చర్ల దగ్గర మాత్రం తొందర అవసరమే, కాకపోతే ఏ తొందర అన్నది మారింది. గాయాన్ని ఆరు గంటల్లోపు థియేటర్‌లో శుభ్రం చెయ్యకపోతే కాలు పోతుందని దశాబ్దాల పాటు నమ్మారు. ఆ ఆరు గంటల లెక్క మూలం ఎక్కడుందంటే, 1898లో ఫ్రీడ్రిష్ అనే జర్మన్ డాక్టరు గినీ పందుల గాయాల్లో తోట మట్టీ మెట్ల మీది దుమ్మూ పోసి చేసిన ప్రయోగాల్లో. అప్పటికి యాంటీబయాటిక్కులే లేవు. ఇప్పుడు బ్రిటన్ మార్గదర్శకాలు చెప్పేది, యాంటీబయాటిక్ గంటలోపు పడాలి, శుభ్రం చేసే ఆపరేషన్ గాయం తీరునిబట్టి పన్నెండు, ఇరవై నాలుగు గంటల లోపు, అనుభవమున్న సర్జన్ చేతుల మీదుగా. పేడలోనో మురిక్కాలవలోనో పడితే మాత్రం వెంటనే. దీన్నిబట్టి మనం చెయ్యాల్సింది ఏంటంటే, ఊళ్లో దెబ్బ తగిలితే గుంటూరుకో విజయవాడకో పెద్దాసుపత్రికి పరిగెత్తే ముందు, దారిలో పీహెచ్‌సీ ఉంటే అక్కడ యాంటీబయాటిక్ ఇంజెక్షనూ టీటీ ఇంజెక్షనూ వేయించుకోవడం. ఆ పది నిమిషాలు వృథా కాదు.

కడగడం మీద కూడా ఒక పెద్ద ట్రయల్ ఉంది, ఫ్లో అని, 2015లో. మన దేశంతో సహా ఐదు దేశాల్లో 2447 మంది. గాయాన్ని సబ్బు నీళ్లతో కడగాలా, ఉత్త సెలైన్‌తోనా, మిషన్‌తో జోరుగా కొట్టాలా, బాటిల్ పైన వేలాడదీసి నెమ్మదిగా పొయ్యాలా. జోరుకీ నెమ్మదికీ తేడా లేదు. సబ్బు వాడిన వాళ్లలో మళ్లీ ఆపరేషన్ పడింది 14.8 శాతం, సెలైన్‌తో 11.6 శాతం. అంటే అన్నిటికన్నా చౌకైన పద్ధతి, ఏ జిల్లా ఆసుపత్రిలోనైనా దొరికేది, ఖరీదైన వాటికి ఏమాత్రం తీసిపోలేదు. గాయం మీద వ్యాక్యూమ్ పెట్టే మిషన్ మీద కూడా బ్రిటన్‌లో 460 మందితో చేసిన ట్రయల్ 2018లో వచ్చింది, ఏడాది తర్వాత చూస్తే మామూలు డ్రెస్సింగ్‌కీ దానికీ తేడా లేదు. బిల్లులో తేడా ఎంతుంటుందో నేను చెప్పక్కర్లేదు.

కాలు ఉంచాలా తీసెయ్యాలా అన్నంతగా నలిగిపోతే? కోయంబత్తూరులోని గంగా హాస్పిటల్‌లో రాజశేఖరన్ గారి బృందం 2006లో దీనికి ఒక స్కోరు ప్రచురించింది, ఇప్పుడు బయటి దేశాల్లోనూ వాడుతున్నారు. చర్మం, ఎముక, కండ, ఒక్కోదానికీ మార్కులు, సుగర్‌లాంటి జబ్బులుంటే అదనం. 14 గానీ అంతకన్నా తక్కువ గానీ అయితే కాలు నిలబెట్టొచ్చు, 17 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే తీసెయ్యడమే మంచిది, మధ్యలోవి అనుభవంతో తేల్చుకోవాలి. మన రోడ్ల మీద పడే దెబ్బల్లోంచి పుట్టిన స్కోరు కాబట్టి నాకు దానిమీద ప్రత్యేకమైన గౌరవం.

అమెరికాలో ఇదే ప్రశ్న మీద లీప్ అనే అధ్యయనం చేశారు, ఎనిమిది ట్రామా సెంటర్లు, 569 మంది, 2002లో ఫలితాలు. రెండేళ్ల తర్వాత చూస్తే కాలు తీసేసిన వాళ్లూ, నిలబెట్టుకున్న వాళ్లూ దాదాపు ఒకే స్థితిలో ఉన్నారు, రెండు గుంపుల్లోనూ సుమారు సగం మందే తిరిగి పనిలోకి వెళ్లారు. మరి ఎవరు బాగుపడ్డారు, ఎవరు పడలేదు అని వెతికితే, సర్జరీ కన్నా ఎక్కువ లెక్కలోకి వచ్చినవి వేరే ఉన్నాయి: చదువు, డబ్బు, ఇన్సూరెన్స్, పక్కన నిలబడే మనుషులు, నేను చెయ్యగలను అనే నమ్మకం, పొగతాగడం. ఇది చదివిన రోజు నాకు ఆశ్చర్యం వెయ్యలేదు, కోపం వచ్చింది. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ అయిపోతుంది, ఆ తర్వాత ఆరునెలలు ఆటో తోలే మనిషి ఇంట్లో ఉంటే ఇల్లెలా గడుస్తుంది, వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి ఎవరు తీసుకొస్తారు, ఇవి ఎవరి లెక్కలోకీ రావు. వ్యాయామం మానేశాడని పేషెంటుని తిట్టే ముందు మా వాళ్లం బస్సు చార్జీ ఎంతో అడిగితే బాగుంటుంది.

చివరగా, అందరూ అడిగే ఇంకోటి, రాడ్ తీయించాలా అని. పెద్దవాళ్లకి ఏ ఇబ్బందీ లేకపోతే తీయించనక్కర్లేదు, అదీ ఒక ఆపరేషనే. టిబియా రాడ్ వేయించుకున్న వాళ్లలో చాలామందికి మోకాలి ముందు నొప్పి మిగులుతుంది, కుర్చీ మీద కూర్చుంటే తెలీదు, మోకాళ్ల మీద కూర్చుంటేనే తెలుస్తుంది. నమాజు చేసేవాళ్లూ, చర్చిలో మోకరిల్లే వాళ్లూ, నాట్లు వేసే ఆడవాళ్లూ, టైల్స్ పని వాళ్లూ దీన్ని ముందే సర్జన్‌కి చెప్పుకోవాలి. రాడ్ తీసేస్తే కొందరికి తగ్గుతుంది, కొందరికి తగ్గదు. తీయించుకోవాలనే అనుకుంటే ఎముక పూర్తిగా అతికాకే, మామూలుగా ఏడాదిన్నర దాటాక. ఈలోపు తొడ ముందు కండరానికి బలం పెంచండి, మోకాలి కింద మెత్తటి దిండు వేసుకుని రోజుకి కాసేపు మోకాళ్ల మీద కూర్చోవడం అలవాటు చెయ్యండి. నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామందికి దానితోనే సరిపోయింది. సరిపోని వాళ్లని మళ్లీ సర్జన్ దగ్గరికే పంపాను.